సంక్రాంతికి ఒక జత, మృగశిరకు ఐదు వందలు

హైదరాబాద్ మధురానగర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు ఒకటి ఊహించుకోండి. సంక్రాంతి సెలవుల్లో పిల్లల పోరు పడలేక పెంపుడు జంతువుల దుకాణం నుంచి తెల్ల చిట్టెలుకల జత తెచ్చారు. రెండూ ఆడవేనని దుకాణదారు భరోసా ఇచ్చాడు. ఒకటి మగది. జనవరి 14న రెండూ ఒకే బోనులో చేరాయి.

చిట్టెలుక కడుపుతో ఉండేది 19 నుంచి 21 రోజులు. ఈతకు ఎనిమిది పిల్లలు, అందులో సగం ఆడవి అనుకుందాం. ఈనిన ఇరవై నాలుగు గంటల్లోపే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది, మగది పక్కనే ఉంటే మళ్లీ చూలు కడుతుంది. కాబట్టి మూడు వారాలకో ఈత. ఆడపిల్లలు ఆరు వారాలకే ఎదకొచ్చి తొమ్మిదో వారంలో తొలి ఈత ఈనుతాయి. ఒక్కటీ చావకుండా, ఎవరూ విడదీయకుండా ఉంటే ఏప్రిల్ 8కి బోనులో 66 ఉంటాయి. మే 20కి 242. మృగశిర కార్తె వచ్చి, చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరిన జనం ఇళ్లకు చేరే వేళకు, అంటే జూన్ 10 కల్లా, 506.

ఇది కాగితం లెక్క. నిజంగా ఆ బోనులో అంత దూరం రాదు. మగవి కొట్టుకుంటాయి, కంగారుపడిన తల్లి పిల్లల్ని తినేస్తుంది, ఇరుకు పెరిగితే ఈతలు తగ్గుతాయి, వాసనకు పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు. అయినా లెక్క ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారు బోను కంటే ముందు ఒక నోటుపుస్తకం కొనాలంటాను. చిట్టెలుకల చేత పిల్లలు పెట్టించడానికి ఏ విద్యా అక్కర్లేదు. ఎవరు ఎవరి పిల్లో, ఏ రోజు పుట్టిందో, ఎప్పుడు విడదీయాలో రాసి పెట్టుకోవడంలోనే ఉంది పెంపకమంతా. ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో పెద్ద ముక్క ఒకటి సరిగ్గా అలాంటి ఇంటి ఖాతాల్లోంచే పుట్టింది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రాన్బీ ఊళ్లో అబీ లాథ్రాప్ అనే మాజీ పంతులమ్మ ఉండేది. కోళ్ల వ్యాపారం పెట్టింది, నడవలేదు. 1900 ప్రాంతంలో ముచ్చటకు పెంచుకునే చిట్టెలుకల అమ్మకంలోకి దిగింది. ఒక దశలో ఆమె కొట్టాల్లో 11,000కు పైగా ఎలుకలు ఉండేవట. గంటకు కొన్ని సెంట్లిచ్చి ఊరి పిల్లల చేత బోన్లు కడిగించేది. కొన్నింటి చర్మం మీద గడ్డలు లేవడం గమనించి శాస్త్రవేత్తలకు పంపింది. లియో లోబ్ అనే పరిశోధకుడు అవి క్యాన్సర్ అని తేల్చాడు. ఇద్దరూ కలిసి పత్రాలు రాశారు. కొన్ని కుటుంబాల్లోనే గడ్డలు ఎక్కువని ఆమె చెప్పగలిగిందంటే, ఏ ఎలుక ఏ తల్లి కడుపున పుట్టిందో ఆమె దగ్గర రాతలో ఉండబట్టే. 1921లో క్లారెన్స్ లిటిల్ ఆమె ఎలుకల్లోంచి 57వ నంబరు ఆడదాన్ని, 52వ నంబరు మగదాన్ని జతకట్టించాడు. ఆ సంతతే సీ57 బ్లాక్. ప్రపంచంలోని ప్రయోగశాలల్లో ఎక్కువగా కనబడే నల్ల ఎలుక అదే. 2002లో చిట్టెలుక జన్యుక్రమం ప్రకటించినప్పుడు చదివింది దాని డీఎన్ఏనే. ఆ పంతులమ్మ మందలోని ఆడ ఎలుక సంఖ్య ఇప్పటికీ ఆ పేరులో ఉంది.

మనవాళ్లలోనూ ఇలాంటి ఖాతా రాసినవాడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు చెబితే ఎలుకలు ఎవరికీ గుర్తు రావు. కల్యంపూడి రాధాకృష్ణ రావు, సి.ఆర్.రావు. 1920లో హూవిన హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ బడుల మీదుగా విశాఖపట్నం చేరి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సంఖ్యాశాస్త్రవేత్త. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేరిట పరిశోధన సంస్థే ఉంది. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లింది మానవశాస్త్ర మ్యూజియంలో పాత అస్థిపంజరాల కొలతలు విశ్లేషించే పని మీద. పీహెచ్‌డీకి గురువు ఆర్.ఎ.ఫిషర్. ఆధునిక సంఖ్యాశాస్త్రానికి పునాదులు వేసిన ఫిషర్ అప్పుడు జన్యుశాస్త్ర ఆచార్యుడు, ఆయన విభాగం నిండా ఎలుకలే. లెక్కల కోసం వచ్చిన శిష్యుడికి ఆయన ఎలుకల పనీ అప్పగించాడు. రకరకాల ఎలుకల్ని జతకట్టించి, పిల్లల లక్షణాలు లెక్కించి, ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద, దేనికి ఎంత దగ్గరలో ఉందో పటం గీయాలి.

ఈ పటం పని తలుచుకున్నంత కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. రెండు లక్షణాల జన్యువులు వేరువేరు క్రోమోజోముల మీద ఉంటే అవి పిల్లలకు విడివిడిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వెళతాయి. ఒకే క్రోమోజోము మీద దగ్గరగా ఉంటే కలిసే ప్రయాణిస్తాయి, అరుదుగా మాత్రమే విడిపోతాయి. వంద పిల్లల్లో ఎన్నింటిలో విడిపోయాయో లెక్కపెడితే దూరం తెలిసిపోతుంది. పాలిచ్చే జంతువుల్లో ఇలాంటి బంధాన్ని మొదట చూపించింది కూడా చిట్టెలుకల్లోనే. 1915లో జె.బి.ఎస్.హాల్డేన్, ఆయన చెల్లెలు నవోమి, స్నేహితుడు స్ప్రంట్ కలిసి తెల్లరంగు జన్యువూ గులాబీ కళ్ల జన్యువూ జంటగా నడుస్తాయని చూపారు. పత్రం అచ్చయ్యేలోపే స్ప్రంట్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో చనిపోయాడు. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చేశాడు. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో మన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన ఎంచుకున్నది మాత్రం ఎలుకల్ని కాదు, ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవుల మీద మొలిచే వెంట్రుకల వంశవృక్షాన్ని.

ఇంటికి వద్దాం. బోను ఎలా ఉండాలి? అడుగు గట్టిగా, పైన వల ఉన్న గాజు తొట్టో, ప్లాస్టిక్ పెట్టో చాలు. ఊచల బోనైతే సందు ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు. చిటికెన వేలు దూరే సందులోంచి పిల్ల ఎలుక దూరిపోతుంది, తల దూరితే ఒళ్లు దానంతటదే వస్తుంది. అడుగున పరుపుకు మన దేశపు ప్రయోగశాలల్లో చాలాచోట్ల వరి ఊకే వాడతారు, ఆవిరి ఒత్తిడిలో శుద్ధి చేసి. మిల్లు నుంచి నేరుగా తెచ్చిన ఊకలో ఊరి ఎలుకల మూత్రమూ పురుగులూ ఉంటాయి కాబట్టి ఇంట్లో చింపిన కాగితమే మేలు. దేవదారు, పైన్ పొట్టు వద్దు, ఆ చెక్కల ఘాటు నూనెలు ఊపిరితిత్తులకు పడవు. గూడు అల్లుకోవడానికి టిష్యూ కాగితం ఇవ్వండి. రాత్రి నాలుగు కాగితాలు పడేస్తే, తెల్లారేసరికి వాటిని పళ్లతో సన్నని పీలికలుగా చీల్చి, పైకప్పుతో సహా గుండ్రని గూడు కట్టేసి ఉంటుంది.

వారానికోసారి శుభ్రం చేసేటప్పుడు పాత గూడు ముక్క ఒకటి అలాగే వదిలేయండి. తళతళలాడేలా కడిగేస్తే వాటికి అది తెలియని చోటైపోతుంది, మగవి హద్దుల కోసం మళ్లీ మొదటి నుంచి కొట్లాట మొదలుపెడతాయి.

హైదరాబాద్‌లో అసలు శత్రువు మే నెల. ప్రయోగశాలలు ఎలుకల గదిని 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంచుతాయి. చిట్టెలుకకు మనలా చెమట పట్టదు. ఉక్క భరించలేనప్పుడు లాలాజలాన్ని ఒంటికి పూసుకుంటుంది, అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు. పశ్చిమం ఎండ పడే బాల్కనీలో పెట్టిన గాజు తొట్టి మధ్యాహ్నానికి ప్రాణం తీస్తుంది. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో నేలకు దగ్గరగా పెట్టండి. బోనులో ఒక మూల షాబాద్ బండ ముక్క వేయండి, పొట్ట ఆనించి పడుకుంటాయి. కూలర్ గాలి నేరుగా తగలకూడదు.

తిండి రోజుకు మూడు నుంచి ఐదు గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా తన ఎలుకలకు పెట్టే మేతలో ఏముంటుందో చూస్తే మన వంటింటి డబ్బాలు గుర్తొస్తాయి: గోధుమపిండి, వేయించిన శనగల పిండి, వెన్న తీసిన పాలపొడి, కేసిన్, నూనె, లవణాలు, విటమిన్లు. కలిపి గుళికలుగా చేస్తారు. గుళిక ఎందుకంటే, విడి గింజలు వేస్తే ఎలుక పొద్దుతిరుగుడు గింజల్ని ఏరుకుని తిని మిగతాది మూత్రంలో తడుపుతుంది. గుళికలు దొరకని చోట జొన్న, సజ్జ, గోధుమ, కొంచెం పుట్నాలు, వారానికి రెండు మూడుసార్లు ఉడికిన గుడ్డు ముక్క ఇవ్వవచ్చు. నీళ్ల సీసా గొట్టంలోని గోళీ ఇరుక్కుంటుంది, సీసా నిండుగా కనబడుతూనే ఎలుక దాహంతో చచ్చిపోతుంది. రోజూ వేలితో తాకి తడి చూడాలి.

ఇక ఆడా మగా తేడా. దుకాణదారు పొరపాటు పడ్డది ఇక్కడే. ఒక్క పిల్లను పట్టుకుని చూస్తే తెలియదు. తోకలు మెల్లగా ఎత్తి రెండు పిల్లల్ని పక్కపక్కన చూడండి. మలద్వారానికీ దాని పైనున్న చిన్న బొడిపెకూ మధ్య ఎడం మగదానిలో ఎక్కువ, ఆడదానిలో దాదాపు సగం. పుట్టిన తొమ్మిది పది రోజులకు, ఒంటి నిండా నూగు వచ్చి ఇంకా పొట్ట మీద పలచగా ఉన్నప్పుడు, ఆడపిల్లల పొట్ట మీద చనుమొనల చుక్కలు వరసగా కనబడతాయి. మరో నాలుగు రోజులాగితే బొచ్చు కప్పేస్తుంది. ఆ రోజే పుస్తకంలో రాసేసుకోవాలి.

ముచ్చటకు పెంచుకోవడమే అయితే ఆడవి రెండు మూడు కలిపి పెట్టుకోండి, అక్కడితో ఈ అధ్యాయం మీకు అయిపోయినట్టే. మగదానికి ఒంటరి బోను ఇవ్వాలి, దాని వాసన భరించాలి. ఆ వాసనను పట్టి ఉంచేవి మూత్రంలోని ప్రత్యేకమైన ప్రొటీన్లు. వాటిలో ఒకదాన్ని 2010లో లివర్‌పూల్‌కు చెందిన జేన్ హర్స్ట్ బృందం గుర్తించింది. ఆడది ఆ ప్రొటీన్‌ను ముక్కుతో తాకితే చాలు, ఆ మగదాని ప్రత్యేకమైన వాసననూ, అది తగిలిన చోటునూ గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. జేన్ ఆస్టిన్ నవలా నాయకుడు డార్సీ పేరు మీద దానికి డార్సిన్ అని పేరు పెట్టారు. తొలిచూపులోనే మనసిచ్చేసే నాయిక ఫిల్మ్‌నగర్ కథకులకు కొత్తేమీ కాదు గానీ, ప్రొటీన్ పేరుతో సహా చెప్పిన కథ ఇంతవరకు రాలేదు. మనుషుల్లో ఎలుకల ఎలర్జీకి ప్రధాన కారణం కూడా ఈ మూత్ర ప్రొటీన్లే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ముందే ఆలోచించుకోవాలి.

మగది పాట కూడా పాడుతుంది. ఆడదాని వాసన తగలగానే 50 నుంచి 100 కిలోహెర్ట్జ్ మధ్య స్వరాలు తీస్తుంది. అందులో పదే పదే వచ్చే పదబంధాలున్నాయని 2005లో హోలీ, గువో అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. సినిమా శబ్దాన్ని మామూలుగా సెకనుకు 48,000 నమూనాల లెక్కన నమోదు చేస్తారు. ఆ లెక్కన 24 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దమేదీ అందులో నిలవదు. అంటే ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు బోను పెట్టి, ఎలుక గొంతెత్తి పాడుతున్నా, రికార్డిస్టుకు నిశ్శబ్దమే దక్కుతుంది. చలికి వణికే పసికూనలు తల్లిని పిలిచేదీ ఈ వినబడని గొంతుతోనే. గూట్లోంచి జారిన పిల్లను తల్లి వెతుక్కుంటూ వచ్చి నోట కరుచుకుపోతుంటే, అది ఎలా కనిపెట్టిందా అని మనం ఆశ్చర్యపోతాం.

పిల్లలు కావాలనుకుంటే, ఎనిమిది నుంచి పన్నెండు వారాల ఆడదాన్ని మగదాని బోనులోకి మార్చండి. మగదాన్ని ఆడదాని బోనులోకి కాదు, తన చోటులోకి వచ్చిన కొత్తవాడి మీద ఆడది తిరగబడవచ్చు. ఆడది నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది. మగ వాసన సోకిన మూడో రాత్రికి చాలావాటిలో ఎద ఒక్కసారే వస్తుంది. జత కలిసిన మర్నాటి ఉదయం యోని ద్వారం దగ్గర మీగడ రంగు బిరడా కనబడుతుంది, కొన్ని గంటల్లో రాలిపోతుంది. ఆ తేదీ రాయండి. అక్కడి నుంచి ఇరవై రోజులు. ఆ మొదటి రోజుల్లో మరో మగదాని వాసన కూడా దాని దరికి రానివ్వకండి. కొత్త మగవాసన తగిలితే గర్భం నిలవదని హిల్డా బ్రూస్ 1959లో కనిపెట్టింది. ఒక బోను శుభ్రం చేసి చేతులు కడుక్కోకుండా మరో బోనులో చెయ్యి పెట్టేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. కడుపు గుండ్రంగా కనబడగానే మగదాన్ని వేరు చేయాలి, లేకపోతే పైన చెప్పిన సంక్రాంతి లెక్క మొదలవుతుంది.

ఈనడం ఎక్కువగా రాత్రిపూటే. రెండు మూడు రోజులు గూడు కదపకండి. తర్వాత తల్లి తిండికి వెళ్లినప్పుడు ఒక్కసారి తొంగి చూడండి. ఒక్కో పిల్ల గ్రాము బరువు, వేలి గోరంత, బొచ్చు లేదు, కళ్లు మూసి ఉంటాయి, ఎర్రని చర్మం లోపలివి దాచలేనంత పలచన. పొట్టకు ఎడమవైపు తెల్లని మరక ఒకటి కనబడాలి. అది తాగిన పాలు. మరక లేని పిల్లకు ఆ పూట పాలు అందలేదన్నమాట. మూడు నాలుగు రోజులకు చెవులు విచ్చుకుంటాయి, పన్నెండు నుంచి పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి. ఆ తర్వాతి వారం మూత తీయకండి, పేలాల్లా ఎగిరి బయట పడతాయి. 21వ రోజుకు పాలు మానిపించి మగవీ ఆడవీ విడదీయాలి. కొన్నిచోట్ల అయిదు వారాలకే అన్నాచెల్లెళ్లు జత కట్టగలవు, రెండు వారాలు ఆలస్యం చేస్తే అయిపోయినట్టే.

చట్టం సంగతి ఒక్క మాట. 1972 వన్యప్రాణి చట్టంలో చిట్టెలుక కాకితో పాటు హానికర జీవుల జాబితాలో ఉండేది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. పెంపుడు జంతువులమ్మే దుకాణానికి 2018 నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు నమోదు ఉండాలి, అడిగి చూడండి. పెంచినవాటిని పార్కులోనో నాలాలోనో వదిలేయకండి, అవి పిల్లులకు ఆ రాత్రి తిండి. వంటింట్లో పట్టిన ఊరెలుకను మాత్రం పెంపకంలోకి తేవద్దు, లెప్టోస్పైరా లాంటి రోగకారక బ్యాక్టీరియాను మోసుకొస్తుంది. గర్భిణులు ఏ ఎలుకల బోనూ కడగకూడదు.

ఇప్పుడు పుస్తకం తెరుద్దాం. మీ తెల్ల ఎలుకను బూడిద గోధుమ వన్నె ఎలుకతో కట్టించారు, పిల్లలన్నీ గోధుమ వన్నెవే వచ్చాయి. ఆ పిల్లల్లో రెంటిని జతకట్టిస్తే మనవలు: గోధుమ వన్నె, నలుపు, తెలుపు. నలుపు ఎక్కడిది? తెల్ల ఎలుక తనలో నల్లరంగు జన్యువును మోసుకొచ్చింది, అసలు రంగు తయారుకానివ్వని మరో జన్యువు దాన్ని కప్పేసింది. రెండు జన్యువులూ వేరువేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి పదహారింటికి 9 గోధుమ, 3 నలుపు, 4 తెలుపు రావాలి. మొదటి ఈత ఎనిమిదింటిలో తెల్లది ఒక్కటీ రాకపోతే? తప్పేం లేదు. పావు వంతు అవకాశం ఎనిమిదిసార్లూ తప్పిపోయే సంభావ్యత నూటికి పది. ఒక ఈతను చూసి ఏదీ తేల్చకూడదు. అయిదారు ఈతల అంకెలు కలిపితే 9:3:4 ఛాయ కనబడుతుంది. ఎంత తేడాను యాదృచ్ఛికం అనుకోవచ్చు, ఎంతను కాదనాలి అన్నదే కేంబ్రిడ్జిలో సి.ఆర్.రావు ముందున్న ప్రశ్న కూడా.

ఇలాంటి ఖాతా విలువ తార్నాకలోనే చూడవచ్చు. పోషకాహార సంస్థ దగ్గర, అది కూనూరులో ఉన్న కాలం నుంచి, అంటే 1920 నుంచి, ఒకే వంశంలో పెంచుకొస్తున్న పెద్ద తెల్ల ఎలుకల సంతతి ఉంది. సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చేసినప్పుడు అవీ వచ్చాయి. 1996లో ఆ మందలో అసాధారణంగా లావెక్కిన ఎలుకలు కనబడ్డాయి. వాటి నుంచి తీసిన సంతతిలో కిలో దాటినవీ ఉన్నాయి, ఊబకాయం పరిశోధనలో ఇప్పుడు వాటికి సొంత పేరే ఉంది. డెబ్బై ఏళ్లకు పైగా నడిచిన పుట్టుకల చిట్టా లేకపోతే అవి మేత ఎక్కువై బలిసినవే అనుకుని ఊరుకునేవారు.

మీ గూట్లోనూ ఒక వింత పిల్ల కనబడవచ్చు: గుండ్రంగా తిరుగుతూనే ఉండేది, బొచ్చు వంకర తిరిగినది, పొట్ట మీద మచ్చ ఉన్నది. దాన్ని అమ్మేయకండి, తల్లిదండ్రుల జతనూ మార్చకండి. అదే జత నుంచి ఇంకో రెండు మూడు ఈతలు తీయండి. దాదాపు పావువంతు పిల్లల్లో మళ్లీ వస్తే అది దాగి వచ్చిన జన్యువు, తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తున్నారన్నమాట. మళ్లీ రాకపోతే ఆ వింత పిల్ల మగదైతే తల్లితోనూ, ఆడదైతే తండ్రితోనూ ఒక్క ఈత తీసి చూడండి. అక్కడా కనబడకపోతే దెబ్బో జబ్బో అయి ఉండొచ్చు. ప్రతి ఈతకూ తేదీ, జత, పిల్లల సంఖ్య, రంగులు, బతికినవెన్ని అనే అయిదు గడులు నింపితే చాలు.